ఇసే క్షేత్రం: తెగిన పరంపర, అతికిన సన్యాసినులు

జపాన్‌లోని ఇసే షింటో క్షేత్రం మీద వచ్చిన రచనల్లో 1300 ఏళ్ళ అవిచ్ఛిన్న పరంపర అన్న మాట లేనిది అరుదు. ఇరవయ్యేళ్ళకోసారి పక్క స్థలంలో కొత్త గుడి కట్టి, అమతెరాసు దేవి అద్దాన్ని అందులోకి చేర్చి, పాతదాన్ని విప్పేసే షికినెన్ సెంగూ, జితో మహారాణి కాలంలో 690లో మొదలైంది. 2013లో జరిగింది 62వది. ఇరవయ్యేసి ఏళ్ళ చొప్పున కూడితే అది 67వది కావాలి. కూడిక తెలిసినవారెవరికైనా కనబడే ఈ లోటును ఇంతమంది పండితులు దాటిపోవడమే ఈ వ్యాసానికి ప్రేరణ.

అవిచ్ఛిన్నత అన్న భావనకు ఆధునికుల్లో గౌరవం తెచ్చినవాడు జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టాట్. 1933లో జపాన్ చేరిన టాట్, ఇసేను పార్థెనాన్ సరసన నిలబెట్టాడు. నిక్కోలోని తోషోగూ ఆలయపు అలంకరణలను ఈసడించాడు. నేలలో నేరుగా పాతిన హినోకి కలప స్తంభాల గురించీ, గడ్డి కప్పు గురించీ అతని పరిశీలన నిశితమైనదే. అయితే రూపాన్ని చూసి చరిత్రను ఊహించాడు. అతను చూసిన కట్టడం 1929 నాటిది. పిట్టగోడ కమ్మీల మీది రంగు గోళాలు ఆసియా ప్రధాన భూభాగపు కళకు గుర్తులు. శుద్ధ స్వదేశీ రూపం అనే అతని తీర్పు ఈ ఒక్క ఆధారం ముందే నిలవదు.

అసలు సాక్ష్యం పదిహేనో శతాబ్దంలో ఉంది. బయటి ఆలయం గెకూలో 1434 తరువాత 1563 దాకా, లోపలి ఆలయం నైకూలో 1462 తరువాత 1585 దాకా సెంగూ జరగలేదు. రాష్ట్రాల మీద వేసే ప్రత్యేక బియ్యపు పన్నుతో ఆ ఖర్చు గడిచేది. సైనిక పాలకుడు షోగున్ పట్టు సడలి, 1467లో ఓనిన్ అంతర్యుద్ధం రేగాక దాన్ని వసూలు చేయగలవారే కరువయ్యారు. నడుమ తాత్కాలిక మందిరాలు లేచిన మాట నిజమే గానీ, అవి సెంగూ లెక్కలోకి రావు.

తెగినదాన్ని అతికినవారు బౌద్ధ సన్యాసినులు. ఆనాడు బౌద్ధ పదాలు పలకడమే నిషిద్ధమైన క్షేత్రమిది. గుండు చేయించుకున్నవారు దూరంగా నిలబడే మొక్కాల్సి వచ్చేది. అటువంటి చోట షుఎత్సు అనే సన్యాసిని ఇసుజు నది మీది ఉజి వంతెన కోసం విరాళాలు పట్టారు. ఆ దారిలోనే నడిచిన సెయిజున్ 1549లో వంతెనను మళ్ళీ నిలిపారు. 1551లో గోనారా చక్రవర్తి ఆమె మఠానికి కెయికో-ఇన్ అన్న పేరు అనుగ్రహించాడు. రాజ్యం ముక్కలై సైన్యాలు తిరుగుతున్న రోజుల్లో ఊరూరా యాచించి, 1563లో గెకూ సెంగూ జరిపించారామె. 129 ఏళ్ళ తరువాత ఆ గుడి మళ్ళీ సెంగూ చూసింది! ఆమె తరువాత షూయో ఆ పనిని నైకూ దాకా తీసుకెళ్ళారు. 1585లో రెండు ఆలయాలకూ ఒకే ఏడు సెంగూ జరిగింది. రెండింటికీ ఒకే సంవత్సరం జరపడం అప్పటినుంచే ఆనవాయితీ. యుద్ధనాయకుడు ఓడా నొబునాగా 1582లో 3000 కన్ల నాణేలిచ్చాడు, తరువాత అతని స్థానంలోకి వచ్చిన హిదెయోషి ఇచ్చాడు కదా అని ఆక్షేపించవచ్చు. వాళ్ళు ముందుకొచ్చేసరికి సెయిజున్ గెకూను నిలబెట్టి దాదాపు ఇరవై ఏళ్ళయింది.

అంత విరామం తరువాత వడ్రంగుల జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉంటుందా? నైకూలో ప్రధానాలయం వెనక ఉండాల్సిన రెండు నిధి మందిరాలను 1585లో దానితో ఒకే వరుసలో కట్టారు. 1868లో మొదలైన మీజీ కాలంలో తిరిగి వెనక్కి జరిపారు. టాట్ ఆదిమమని మురిసిన అమరిక అలా సరిదిద్దినదే.

మనవాళ్ళు ఇసేను పూరీ నవకళేబరంతో పోలుస్తుంటారు. పూరీలో దారుమూర్తులు మారతాయి, గుడి నిలుస్తుంది. ఇసేలో అద్దం నిలుస్తుంది, గుడి మారుతుంది. ఆ పోలికను ఇంతకన్నా సాగదీయలేం.

మీజీ ప్రభుత్వం 1868లో దేవతలనూ బుద్ధులనూ విడదీసింది. కెయికో-ఇన్ మూతపడింది; ఆ భవనం క్షేత్ర ప్రధాన పూజాధికారి వసతి అయింది. సన్యాసినులను వెళ్ళగొట్టాకే అవిచ్ఛిన్నత అన్న మాటకు బలం వచ్చిందని నా వాదన. ఇంకా ముందుకు వెళ్ళి చెబుతాను: మధ్యయుగపు జపాన్‌లో దేవస్థానాలను నిలబెట్టింది రాజశాసనం కన్నా యాచకుల పాదయాత్రలే. షింటో చరిత్రను వారి దగ్గర మొదలుపెట్టి తిరగరాయాలి. 2033లో జరగబోయేది 63వ సెంగూ. ఈ లెక్కలో గెకూ 40వ సెంగూ, రెండు ఆలయాల 41వ సెంగూ మొదలు వచ్చినవన్నీ సెయిజున్, షూయోల కష్టార్జితంగానే గుర్తింపు పొందాలి.