గుహ్యం – రహస్యం: అర్థభేద చరిత్ర

భగవద్గీతకు వెలువడిన తెలుగు తాత్పర్యాలలో ‘గుహ్యం’ అన్న పదం ఎదురైనచోట ‘రహస్యం’ అని రాయడం పరిపాటి. నేటి వాడుకలో ‘గుహ్యం’ శరీరావయవానికి పరిమితమై సభ్యసంభాషణ నుంచి తప్పుకొన్నది. ‘రహస్యం’ మాత్రం ఇంటి గుట్టు మొదలుకొని 1923 నాటి అధికార రహస్యాల చట్టం దాకా విస్తరించింది. ఒక పదం నిలిచి మరొకటి జారిపోవడంతో, ప్రాచీన గ్రంథాలలో ఈ రెండూ వేర్వేరు పనులు చేసేవన్న విషయం మరుగున పడింది.

వ్యుత్పత్తిలోనే భేదం ఉంది. ‘గుహ్’ ధాతువుకు కప్పుట, మరుగుపరచుట అని అర్థం. గుహ, గూఢం, గుహ్యం ఆ ధాతువు నుంచి వచ్చినవే. ‘రహస్యం’ క్రియ నుంచి పుట్టలేదు. ‘రహస్’ అంటే ఏకాంత స్థలం. అక్కడ జరిగేది రహస్యం. అమరకోశం ‘రహస్’ను వివిక్త, విజన పదాలతో కలిపి చెప్పి, దానికి సంబంధించినది రహస్యమని వివరించింది. గీత ఆరవ అధ్యాయంలో యోగి కూర్చోవలసిన చోటును చెప్పడానికి వాడిన పదం కూడా ఇదే. అంటే మొదటి పదం వస్తువు స్వభావాన్ని చెబుతుంది, రెండవది ఆ వస్తువు చేతులు మారే సందర్భాన్ని చెబుతుంది.

బృహదారణ్యకంలో ఆర్తభాగుడు మరణానంతరం పురుషుడు ఏమవుతాడని ప్రశ్నించినప్పుడు, యాజ్ఞవల్క్యుడు జనుల మధ్య సమాధానం చెప్పక, అతని చేయి పట్టుకొని బయటకు తీసుకుపోతాడు. వారు మాట్లాడుకున్నది కర్మను గురించి. ‘రహస్యం’ అన్న మాట అక్కడ లేకున్నా, దాని అర్థానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. మనుస్మృతి ఆచార్య లక్షణం చెబుతూ కల్పంతోను రహస్యంతోను కూడిన వేదాన్ని బోధించేవాడని అన్నప్పుడు, ఆ పదానికి వ్యాఖ్యాతలు ఉపనిషత్తు అన్న అర్థాన్నే గ్రహించారు. ఇందుకు భిన్నంగా కఠోపనిషత్తు ఆత్మను గుహలో నిహితమైనదిగా వర్ణించింది. తన ఉపాఖ్యానాన్ని పరమ గుహ్యమని పేర్కొంటూనే, దానిని బ్రాహ్మణ సభలో, శ్రాద్ధకాలంలో వినిపించేవానికి ఫలం చెప్పింది. సభలో పఠించదగినది ఏకాంతానికి చెందినది కాజాలదు. అయినా దాని గుహ్యత్వానికి లోటు రాలేదు.

ఈ విభజన అంతటా చెక్కుచెదరక నిలిచిందనడం సరికాదు. శ్వేతాశ్వతరం వేదాంతంలోని పరమ గుహ్యాన్ని ప్రశాంతుడు కానివానికి, పుత్రుడు గాని శిష్యుడు గాని కానివానికి ఇవ్వరాదని నిషేధించింది. గీత పద్దెనిమిదవ అధ్యాయమూ గుహ్యోపదేశం ముగించిన వెంటనే అనర్హులకు చెప్పవద్దని ఆంక్ష పెట్టింది. లోతైనది కనుక ఏకాంతంలో చెప్పాలి, ఏకాంతంలో చెబుతారు కనుక లోతైనదై ఉండాలి అన్న ఊహ పదాలను దగ్గరకు లాగింది. అయినా గీత నాలుగవ అధ్యాయంలో ‘రహస్యం’ వచ్చిన చోటు గమనార్హం. వివస్వంతుని నుంచి మనువుకు, మనువు నుంచి ఇక్ష్వాకువుకు అందిన యోగం కాలక్రమంలో నష్టమైందని, భక్తుడవు, సఖుడవు కనుక నీకు చెబుతున్నానని కృష్ణుడు అంటాడు. అక్కడ ప్రసక్తమైనది పరంపర, వినేవాని యోగ్యత.

లలితాసహస్రనామం రెండు పదకుటుంబాలనూ వాడుకొన్నది. దేవి స్వరూపం చెప్పేటప్పుడు ‘గుహ్యరూపిణి’, ఆరాధన చెప్పేటప్పుడు ‘రహోయాగక్రమారాధ్య’. రూపం గుహ్యం, యాగం రహస్సులో జరిగేది.

శ్రీవైష్ణవంలో అష్టాక్షరి, ద్వయం, చరమశ్లోకం ‘రహస్యత్రయం’ అయ్యాయి. వేదాంతదేశికుల ‘రహస్యత్రయసారం’ వీటి వివరణే. చరమశ్లోకం గీతలో సర్వగుహ్యతమమైన మాటను మళ్ళీ చెబుతున్నానన్న ప్రకటన తరువాతనే వస్తుంది. మూలంలో గుహ్యంగా పరిచయమైన బోధ సంప్రదాయంలో రహస్యమైంది. గురుముఖతః, ప్రమాణపూర్వకంగా అందవలసినదైంది. రామానుజులు తిరుక్కోట్టియూరులో గురువు ఆంక్షను మీరి ఆలయంపై నుంచి జనులకు దానిని వినిపించారన్న ప్రసిద్ధ గాథ ఈ మార్పు మీదనే నిలిచింది. చెప్పినది అష్టాక్షరి అని, చరమశ్లోకార్థమని కథనాలు భిన్నంగా ఉన్నాయి. ఏదైనా, ఆనాడు భంగమైనది రహస్యమే. విన్నవారందరికీ దాని అర్థం ఒక్కసారిగా తేటపడిందని గాథ చెప్పదు.

తొమ్మిదవ అధ్యాయంలోని ‘రాజగుహ్యం’ దగ్గర తెలుగు తాత్పర్యాలకు చిక్కు వస్తున్నది ఇందువల్లనే. అదే శ్లోకం ఆ విద్యను ప్రత్యక్షంగా తెలియదగినదని, ఆచరించడానికి సుఖమైనదని కూడా అంటుంది. ‘రహస్యాలలోకెల్లా రహస్యం’ అని అనువదించిన పక్కనే ‘ప్రత్యక్షం’ అని రాయవలసి వస్తే పాఠకునికి వైరుధ్యం తోస్తుంది. కప్పబడి ఉన్నదన్న పాత అర్థాన్ని నిలుపుకొంటే ఆ రెండు విశేషణాలకు పొత్తు కుదురుతుంది: కప్పు తొలగినవానికి అది ఎదుటనే ఉన్నది.