టీ గిన్నెలో బుడగ, ఫ్యాక్టరీ నీళ్ళలో విషం: అల్ట్రాసౌండ్ కథ

ఈసారి టీ పెట్టేటప్పుడు ఒక చిన్న పని చేయండి. నీళ్ళు మరగకముందు గిన్నె దగ్గర చెవి పెట్టి వినండి. సుయ్‌మని ఒక సౌండ్ వస్తుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైకి లేస్తూ, చల్లటి నీళ్ళు తగలగానే కూలిపోతాయి. ఆ సౌండ్ వాటిదే. ఫ్యాక్టరీ మురుగునీళ్ళలో విషాన్ని విరగ్గొట్టే టెక్నాలజీ కూడా ఇలా కూలిపోయే బుడగే. అది అక్కడిదాకా ఎలా వెళ్ళిందో ఈరోజు చూద్దాం.

1894. బ్రిటిష్ నేవీ డేరింగ్ అనే కొత్త ఓడను టెస్ట్ చేస్తోంది. ఇంజిన్‌కి బలం ఉంది, కానీ అనుకున్న స్పీడ్ రావట్లేదు. కారణం ఏంటంటే, ప్రొపెల్లర్ వేగానికి దాని వెనక నీళ్ళలో ప్రెషర్ పడిపోయి బుడగలు పుడుతున్నాయి. దీనికే 'కావిటేషన్' అని పేరు పెట్టారు. ఆ బుడగలు స్పీడ్ తగ్గించడమే కాదు, గట్టి లోహపు రెక్కల మీద గుంటలు కూడా పెట్టేవి. బుడగ లోహాన్ని తినడమేంటి?

1917లో లార్డ్ రేలీ లెక్క కట్టి చూపించాడు. ఖాళీ బుడగ మీదకి చుట్టూ ఉన్న నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడితే, మధ్యలో ప్రెషర్ విపరీతంగా పెరుగుతుంది. సరదా విషయం ఏంటంటే, ఆ పేపర్ మొదలయ్యేది కెటిల్లో నీళ్ళు చేసే సౌండ్ గురించే!

అదే టైంలో మొదటి ప్రపంచ యుద్ధం. సబ్‌మెరైన్లను పట్టుకోవడానికి ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవాన్ క్వార్ట్జ్ పలకలతో అల్ట్రాసౌండ్ పుట్టించాడు. అంటే మన చెవికి వినపడని, సెకనుకి 20,000 కంటే ఎక్కువ కంపనాలున్న శబ్దం. ఆ ప్రయోగాల్లో దగ్గరికొచ్చిన చేపలు చచ్చిపోయాయి. అది చూసిన అమెరికన్ సైంటిస్ట్ రాబర్ట్ వుడ్, తర్వాత ఆల్‌ఫ్రెడ్ లూమిస్ అనే ధనవంతుడి సొంత ల్యాబ్‌లో దాని మీద పనిచేశాడు. 1927లో అదే ల్యాబ్ నుంచి శబ్దం కెమికల్ రియాక్షన్ల మీద కూడా ప్రభావం చూపిస్తుందని పేపర్ వచ్చింది.

తర్వాత చాలా ఏళ్ళు ఈ సబ్జెక్ట్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1986లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో కెన్నెత్ సస్లిక్ టీమ్, కూలిపోతున్న బుడగ లోపల వేడి దాదాపు 5,000 డిగ్రీలు ఉంటుందని కొలిచింది. సూర్యుడి ఉపరితలం వేడికి దగ్గర్లో! సైకిల్ పంపు కొడితే గాలి నలిగి వేడెక్కుతుంది కదా, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ అంతా కంటి రెప్ప వేసేంత టైం కూడా పట్టకుండా అయిపోతుంది. బయట నీళ్ళు మాత్రం గోరువెచ్చగానే ఉంటాయి.

మరి దీనికీ మురుగునీళ్ళకీ ఏంటి సంబంధం? 1990ల మొదట్లో కాల్‌టెక్‌లో మైకేల్ హాఫ్‌మన్ టీమ్ పారాథియాన్ అనే పురుగుమందు, పారా నైట్రోఫినాల్ అనే కెమికల్ కలిసిన నీళ్ళకి అల్ట్రాసౌండ్ పెట్టింది. రెండూ విరిగిపోయాయి. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. తేలిగ్గా ఆవిరయ్యే విషం బుడగలోకే వెళ్ళి ఆ వేడికి ముక్కలవుతుంది. ఆవిరి కానిదాన్ని, నీటి అణువులు విరిగి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ పట్టుకుని విరగ్గొడతాయి.

ఇది మనకెందుకు అంటారా? మామూలు ట్రీట్‌మెంట్ ప్లాంట్‌లో మురికిని తినేది బ్యాక్టీరియా. కానీ నీళ్ళలో ఉన్నదే బ్యాక్టీరియాని చంపే మందైతే? 2007లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల కంపెనీల నీళ్ళు వచ్చే ప్లాంట్ మీద ఒక స్టడీ వచ్చింది. ట్రీట్‌మెంట్ అయ్యాక బయటికొచ్చే నీళ్ళలో కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వేసుకున్న పేషెంట్ రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ! ఇలాంటి చోట బ్యాక్టీరియాని మాత్రమే నమ్ముకుంటే సరిపోదు.

మరి అన్ని ఫ్యాక్టరీల్లో అల్ట్రాసౌండ్ ఎందుకు లేదు? ఒకటే మాట, కరెంటు బిల్లు. పెట్టిన కరెంటులో చాలా భాగం ఊరికే వేడిగా పోతుంది. ల్యాబ్‌లో గ్లాసెడు నీళ్ళు వేరు, రోజూ వచ్చే ట్యాంకర్లు వేరు. ఇంకోటి, విషం సగమే విరిగితే, మిగిలిన ముక్కలు కూడా ప్రమాదం కావచ్చు. అందుకే దీన్ని ఓజోన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివాటితో కలిపి వాడటం మీద చాలా పరిశోధనలు జరిగాయి.

ఇక్కడే కథ మన దేశానికొస్తుంది. ముంబైలో కెమికల్ ఇంజనీర్ అనిరుద్ధ పండిట్, ఆయన సహచరులు 1990ల నుంచి ఇంకో దారి పట్టారు. కావాల్సింది బుడగ, శబ్దం కాదు కదా! అందుకని పంపుతో నీళ్ళని చిన్న రంధ్రాలున్న పలక గుండా తోస్తారు. ఇరుకులో వేగం పెరుగుతుంది, ప్రెషర్ పడుతుంది, బుడగలు పుడతాయి. ఇరుకు దాటగానే ప్రెషర్ మళ్ళీ పెరిగి, అవి కూలిపోతాయి. ఎక్కువ నీళ్ళని శుద్ధి చేయడానికి ఇది అల్ట్రాసౌండ్ కంటే తేలిక.

గమనించారా? డేరింగ్ ఓడ ప్రొపెల్లర్ దగ్గర జరిగింది కూడా ఇదే! అప్పుడు నేవీని విసిగించిన బుడగనే ఇప్పుడు ఇంజనీర్లు కావాలని పుట్టిస్తున్నారు. ఇది అన్నిటికీ మందు కాదు, బ్యాక్టీరియా చేతులెత్తేసిన చోట పనికొచ్చే సాధనం. ఇక మిగిలిన ప్రశ్న సైన్స్‌ది కాదు. ఆ కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? ఫ్యాక్టరీ కట్టకపోతే, చెరువు పక్కన ఉన్న ఊరు తన ఆరోగ్యంతో కడుతుంది.

మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి.