దంతం పోయినా నిలిచిన పొదుగుడు పని

చెక్కలో తీగలూ పూలూ పొదిగిన కుర్చీనో పెట్టెనో చూస్తే హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో వెంటనే వచ్చే మాట ‘మైసూరు పని’. అందులో వింతేమీ లేదు. 1792 దాకా కృష్ణగిరి ఉన్న బారామహల్, 1799 దాకా హోసూరు మైసూరు ఏలుబడిలోనివే. కానీ ఈ విద్యకు తెలుగు తీరంలో మరో పుట్టిల్లు ఉంది. అది విశాఖపట్నం. 1756లో అక్కడికి వచ్చిన కార్నీల్ అనే ఆంగ్ల సైనికాధికారి ఆ ఊరి పొదుగుడు పనిని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశాడు. ఇప్పుడున్న మైసూరు ప్యాలెస్ 1912లో పూర్తయింది. దాని దంతపు తలుపులను చూసి ముగ్ధులయ్యేవాళ్లు తెలుసుకోవలసిన సంగతేమిటంటే, అప్పటికి ఒకటిన్నర శతాబ్దం ముందే తెలుగు పనివాళ్లకు ఈ విద్యలో పేరుంది.

విశాఖలోనే ఈ పని ఎందుకు విరిసిందో అక్కడి రేవును చూస్తే తెలుస్తుంది. 17వ శతాబ్దంలోనే పక్కన భీమునిపట్నంలో డచ్చివాళ్లు, విశాఖలో ఇంగ్లీషువాళ్లు వర్తకానికి దిగారు. వాళ్లకు ఎత్తు కుర్చీలు, రాతబల్లలు, అద్దాల చట్రాలు కావాలి. కలపా దంతమూ ఓడల మీద దిగేవి. అప్పటికే ఆ తీరమంతా అద్దకపు బట్టలకు ప్రసిద్ధి. ఆ బట్టల అంచుల్లో పాకే పూలతీగలే చెక్క మీదికి ఎక్కాయి. మొదట ఇరుగుడు చేవ వంటి నల్లని కలపలో గాడి తవ్వి దంతాన్ని కూర్చేవారు. 18వ శతాబ్దం రెండో సగానికి పద్ధతి మారింది. చందనపు చెక్క మీద పలుచని దంతపు రేకులు తాపి, వాటి మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపసాగారు. దగ్గరికి వెళ్లి చూస్తే తెల్ల కాగితం మీద కలంతో గీసినట్టే ఉంటుంది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ చనిపోయాక, అతని దంతపు కుర్చీలను 1781లో మూడో జార్జి రాజు రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి నేటికీ బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో ఉన్నాయి. కొన్నవాళ్ల పేర్లు తరతరాలుగా చెప్పుకుంటున్నాం, ఆ కుర్చీలు చేసిన చేతుల పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు. ఈ అన్యాయం నాకు మింగుడుపడదు.

కుర్చీ కాళ్ల ఆకారం ఇంగ్లండుది, కాబట్టి ఇది అనుకరణే అనేవాళ్లున్నారు. గుజరాత్‌లో దంతపు పొదుగుడు ఇంతకన్నా పాతదని గుర్తుచేసేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజాలే. అయినా ఆకారం అడిగినవాడిదైనంత మాత్రాన పనితనం కూడా అతనిది కాదు. గాడి ఎంత లోతు తవ్వాలి, తీగ మూల దగ్గర ఎలా తిరగాలి, గీత ఎక్కడ సన్నబడాలి అన్నవి ఇక్కడి చేతులు నిర్ణయించినవే. వాటిలో అద్దకపు బట్ట కనిపిస్తుంది తప్ప లండను దుకాణం కనిపించదు.

దీనికన్నా బరువైన ఆక్షేపణ ఒకటుంది: దంతమే ఈ కళకు ప్రాణం, అది పోతే కళ ఏముంటుందని. 1986 నాటి చట్ట సవరణ దేశీయ దంత వ్యాపారాన్ని నిషేధించింది, 1991లో ఆఫ్రికా దంతానికీ తలుపు మూసుకుంది. ఆ నిషేధం ఎంత అవసరమో హోసూరు డివిజన్ అడవుల పక్కన బతికేవాళ్లకు వేరే చెప్పాలా? కోతల కాలంలో ఏనుగులు రాగి చేలమీద పడి నష్టం చేస్తాయి. ఆ బాధ చిన్నది కాదు. అయినా ఏ కుర్చీ అందమూ ఒక ఏనుగు ప్రాణానికి సాటిరాదు. దంతం లేకుండా కళ బతకదన్న వాదానికి మైసూరు పనివాళ్లే జవాబు చెప్పారు. రోజ్‌వుడ్ పలకలో గాడి తవ్వి, సన్నటి రంపంతో కోసిన వేరువేరు కలపల ముక్కలను అందులో అతికి, నునుపుచేసి మెరుగు పెడతారు. పనస పసుపు ఛాయ ఇస్తుంది, మరో చేవ గోధుమ రంగు, ఇంకొకటి ఎరుపు. ఏనుగునూ ఎడ్లబండినీ పల్లెటూరినీ కలప సహజమైన రంగులతోనే చూపిస్తారు. ఆ పనికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా దక్కింది. దంతాన్ని నమ్ముకున్న విశాఖ పని మ్యూజియాలకూ వేలంపాటలకూ చేరింది, కలపను నమ్ముకున్న మైసూరు పని బజారులో బతికి ఉంది. ప్రాణం దంతంలో కాదు, గాడికీ ముక్కకూ మధ్య వెంట్రుకవాసి సందు కూడా మిగలనివ్వని చేతిలో ఉందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు.

ఇప్పుడు రోజ్‌వుడ్ కూడా అరుదైపోతోంది. 2017 నుంచి ఆ జాతి కలపల అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. మరోసారి పదార్థం మార్చక తప్పదు. కృష్ణగిరి మామిడి సీమ. కాపు తగ్గి కొట్టేసే ముసలి చెట్ల కలప ఇక్కడే దొరుకుతుంది. బాగా ఆరబెట్టి, పురుగు పట్టకుండా శుద్ధి చేస్తే పొదుగుడుకు అదీ పనికొస్తుంది. ఇంట్లో పెళ్లికి మంచమో బీరువానో చేయించే తెలుగువాళ్లు షోరూముకు వెళ్లేముందు ఊళ్లో వడ్రంగిని పిలిచి, తలాపి పలక మీద ఒక్క తీగైనా పొదిగిపెట్టమని అడగండి. అడిగిన పనికి తగిన కూలీ ఇవ్వండి, పలక వెనక అతని పేరు చెక్కించండి.