పల్లీ బూజుకు విషం ఎక్కడిది?

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. ఏ రోగమో అంతుపట్టక దానికి ‘టర్కీ ఎక్స్’ అని పేరు పెట్టారు. ఆరా తీస్తే తప్పు దాణాలో తేలింది. బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్కకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టింది. అది తయారుచేసే విషమే అఫ్లాటాక్సిన్. 1974లో బూజు పట్టిన మొక్కజొన్న తిని గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో వందమందికి పైగా కామెర్లతో పోయారు. ఆ చావుల వెనక ఉన్నది ఇదేనని తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. అనంతపురం చేలల్లోనూ కాయ ఊరేవేళ వాన మొహం చాటేస్తే, పీకకముందే ఈ బూజు గింజలోకి దూరుతుంది.

బూజు బతకడానికీ పెరగడానికీ ఈ విషం అక్కర్లేదు. అది లేని ఫ్లేవస్ రకాలు మట్టిలో నిక్షేపంగా బతుకుతున్నాయి. పెనిసిలిన్‌దీ ఇదే కోవ. ఇలాంటివాటిని ద్వితీయ జీవక్రియా పదార్థాలంటారు. అక్కర్లేనిదానికి పాతిక పైచిలుకు జన్యువులు ఎందుకు, ఎక్కణ్ణుంచి వచ్చాయన్నదే అసలు కథ.

జవాబు విషం తయారీ మొదటి మెట్టులోనే ఉంది. ప్రతి శిలీంధ్రానికీ కొవ్వు ఆమ్లాలు చేసే ఎంజైము ఒకటి ఉంటుంది. అది లేకపోతే కణానికి పొరే ఉండదు. అఫ్లాటాక్సిన్ పని కూడా అలాంటి ఎంజైముతోనే మొదలవుతుంది. కాకపోతే దీన్ని చేసేది వేరే జన్యువుల జత: కొవ్వు జన్యువుల నకళ్ళు. ఒక జన్యువుకు నకలు పడితే అసలుది ఇంటిపని చూసుకుంటుంది, నకలుకు దారి తప్పే వెసులుబాటు దొరుకుతుంది. ఈ జత ఆరు కర్బనాల చిన్న గొలుసు చేసి ఆపేస్తుంది. దానికి మరో ఎంజైము రెండేసి కర్బనాల ముక్కలు ఏడు అతికిస్తుంది. ఇదీ కొవ్వు ఎంజైముల బంధువే, కాని అవి ప్రతి ముక్క దగ్గరా తీసేసే ఆక్సిజన్‌ను ఇది వదిలేస్తుంది. ఆ ఆక్సిజన్ల పుణ్యాన గొలుసు మెలితిరిగి వలయాలుగా మారుతుంది. వచ్చేది నార్సొలోరినిక్ ఆమ్లం, మంచి నారింజ రంగు. తర్వాతి మెట్టు చెడిన రకాల్లో ఇది పేరుకుపోయి బూజంతా ఎర్రబారుతుంది. విషం దారిని శాస్త్రవేత్తలు పట్టుకున్నది చాలావరకు ఈ రంగు సాయంతోనే.

ఆ పైన ఆక్సిజన్ చేర్చే ఎంజైములు వరసగా పనిచేసి స్టెరిగ్మాటోసిస్టిన్ అనే పాత విషాన్ని చేస్తాయి. దాయాది బూజు ఆస్పర్‌జిల్లస్ నిడ్యులన్స్ అక్కడితో సరిపెట్టుకుంది. ఫ్లేవస్ ఇంకొన్ని మెట్లెక్కి అఫ్లాటాక్సిన్ దాకా వెళ్ళింది.

ఈ జన్యువులన్నీ క్రోమోజోము కొస దగ్గర ఒకేచోట గుంపుగా ఉంటాయి, ఒకే మీట కింద పనిచేస్తాయి. అలా ఉంటేనే పని సాగుతుందని అనుకోవడం తేలిక. కాని పైన్ ఆకులకు తెగులు తెచ్చే డోథిస్ట్రోమా దాదాపు ఇలాంటి విషాన్నే చెల్లాచెదురు జన్యువులతో చేస్తోంది. నా లెక్కలో గుంపు లాభం వేరే చోట ఉంది: మూట మూటగా చేతులు మారవచ్చు. పేడ మీద పెరిగే పోడోస్పోరా అనే శిలీంధ్రానికి స్టెరిగ్మాటోసిస్టిన్ మూట మొత్తం ఆస్పర్‌జిల్లస్ వంశం నుంచే చేరిందని 2011లో స్లాట్, రోకాస్ చూపించారు. తల్లీపిల్లల వరస లేకుండా వచ్చిన ఆస్తి అది.

ఇంత కూడబెట్టింది దేనికి? పురుగుల కోసమని ఒక ఆధారం. ఈగల లార్వాలు మేసే చోట విషం చేసే రకాలదే పైచేయి అని ప్రయోగాల్లో తేలింది. పురుగులు లేకపోతే విషం చేయడం ఉత్త ఖర్చు. పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. జపానులో సోయాసాస్‌కూ సాకేకూ వాడే ఆస్పర్‌జిల్లస్ ఒరైజే ఫ్లేవస్‌కు పెంపుడు రూపమే. జన్యువులు చాలామటుకు ఉన్నా నోరెత్తవు.

ఈ మతిమరుపునే ఇప్పుడు రైతులు వాడుకుంటున్నారు. విషం చేయని ఫ్లేవస్‌ను గింజలకు పట్టించి చేలో చల్లితే, అది విషపు రకాల చోటు ఆక్రమిస్తుంది. అమెరికాలో వాడే ఏఎఫ్36 రకానికి విషపు జన్యువులో ఒక్క అక్షరం చెడింది, అఫ్లాగార్డ్ రకానికి మూట మొత్తమే లేదు. అయితే ఫ్లేవస్ జతకట్టి సంతానం కంటుందని 2009లో బయటపడింది. చల్లిన బూజు చేలోని విషపు బూజుతో కలిస్తే, పిల్లల్లో కొన్నిటికి ఆ మూట మళ్ళీ దక్కే వీలుంది.