సంగీత గ్రంథపాలకుడు సోనెక్

గ్రంథాలయ పట్టికలను గుమాస్తాపనిగా నెంచువారు కలరు. ఆస్కార్ సోనెక్ (1873–1928) కృషి ఆ భావమును ఖండించుచున్నది.

అమెరికాలో జన్మించి జర్మనీలో చదివిన ఈయన 1902 మొదలు 1917 వరకు వాషింగ్టనునందలి కాంగ్రెసు గ్రంథాలయమున సంగీతశాఖాధిపతిగా నుండెను. 1904లో వెలువడిన ఆయన వర్గీకరణము సంగీతకృతులను, సంగీతమును గూర్చిన రచనలను, బోధనగ్రంథములను వేఱుపఱచినది. అది నేటికిని వాడుకలో నున్నది.

18వ శతాబ్దపు అమెరికా లౌకిక సంగీతమునకు 1905లో గ్రంథసూచి కూర్చెను. నాటి కచేరీల చరిత్రను 1907లో వ్రాయునపుడు పాత వార్తాపత్రికలలోని ప్రకటనలను సయితము సాక్ష్యములుగా గైకొనెను. దేశభక్తిగీతముల పుట్టుకను గూర్చి ప్రచారమునందున్న కథలను 1909నాటి నివేదికలో లిఖితాధారములతో పరీక్షించెను. 1915లో వెలసిన ‘మ్యూజికల్ క్వార్టర్లీ’ పత్రికకు మరణపర్యంతము సంపాదకుడుగా నుండెను.

పట్టిక లేనిచోట చరిత్ర ఊహగానే మిగులునని ఈయన జీవితమువలన మేము గ్రహించుచున్నాము.