దామెర్ల రామారావు: ప్రతిభ వెనుక శ్రమ

దామెర్ల రామారావును తలచుకున్నప్పుడల్లా అల్పాయుష్కుడైన మేధావి అని నిట్టూర్చడం మనకు అలవాటు. 1897లో రాజమండ్రిలో పుట్టి, 1925లో మశూచితో కన్నుమూసిన చిత్రకారుని గురించి ఆ బాధ సహజమే. అయితే ఆ ప్రతిభ దేని ఆధారంతో నిలిచిందో ఆ నిట్టూర్పు చెప్పదు.

గోదావరీ తీరాలను చిత్రించిన ఆ చూపు ఒంటరిగా ఏర్పడినది కాదు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాణ్ణి గుర్తించి ప్రోత్సహించాడు. కూల్డ్రే ఆంగ్లేయుడే, అయినా సామ్రాజ్యం వేరు, మంచి ఉపాధ్యాయుడు వేరు. బొంబాయి జె.జె. స్కూలు శిక్షణ ఇచ్చింది. నేర్చినదాన్ని రామారావు తనకే దాచుకోక, 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల నెలకొల్పాడు. రెండేళ్ళకే ఆయన పోయినా, చిత్రకారిణి అయిన భార్య సత్యవాణి, సహచరుడు వరదా వెంకటరత్నం ప్రభృతులు ఆ కృషిని కొనసాగించారు. ఆయన చిత్రాలు నేటికీ రాజమండ్రి చిత్రశాలలో నిలిచి ఉండడం అటువంటి వారి శ్రమఫలం.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. డచ్చి ప్రకృతి చిత్రకారుడు యోంకిండ్ (1819-1891) నీటిమీది వెలుతురును పట్టి, యువకుడైన మోనేకు దారి చూపాడు. అప్పులపాలై స్వదేశం చేరిన అతన్ని తిరిగి పారిస్‌కు రప్పించినది, 1860లో తోటి చిత్రకారులు ఇచ్చిన చిత్రాల వేలంలో వచ్చిన సొమ్ము.

మరో రామారావు ఎప్పుడు పుడతాడని ఎదురుచూస్తూ కూర్చోవడం వ్యర్థం. పేదబిడ్డ చేతికి కుంచె అందించే బడి, గీసిన బొమ్మను కాపాడే ఊరు మనకు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కించుకోవాలి.