1992కి ముందు గోల్స్ లేవా?

మా ఆఫీసులో ఫుట్‌బాల్ పిచ్చోళ్లు కొందరున్నారు. ఇంగ్లాండ్ లీగులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిందెవరు అని అడిగితే, కళ్లు మూసుకుని "అలన్ షియరర్, 260" అనేస్తారు. టీవీలోనూ అదే మాట. లెక్క తప్పు కాదు గానీ దాని వెనకాల ఒక వేర్ క్లాజు ఉంది: 1992, లేదా ఆ తర్వాత. ప్రీమియర్ లీగ్ అనే పేరు అప్పుడు పుట్టింది కాబట్టి టేబుల్ కూడా అక్కణ్ణుంచే మొదలవుతుంది. అంతకుముందు నూరేళ్లకు పైగా అదే దేశంలో అదే ఆట ఆడారు, కాకపోతే ఫస్ట్ డివిజన్ అనేవాళ్లు. ఆ క్లాజు తీసేసి క్వెరీ మళ్లీ రన్ చేస్తే పైన కనిపించే పేరు జిమ్మీ గ్రీవ్స్. 516 మ్యాచుల్లో 357 గోల్స్.

1940లో లండన్‌లో పుట్టాడు. 1957లో, 17 ఏళ్లకి, చెల్సీ తరఫున మొదటి లీగ్ మ్యాచ్ టోటెన్‌హామ్ మీద ఆడాడు. అందులోనే గోల్ కొట్టాడు. 1960-61 సీజన్లో ఒక్కడే 41 లీగ్ గోల్స్ కొడితే, జట్టు మాత్రం 12వ స్థానంలో తేలింది. అంటే డిఫెన్సు ఏ స్థితిలో ఉండేదో మీరే ఊహించుకోండి.

అప్పట్లో ఇంగ్లాండ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకి మించి జీతం ఇవ్వకూడదని రూలు. 1961 జనవరిలో ఆ రూలు పోయింది. అదే ఏడాది గ్రీవ్స్ ఏసీ మిలాన్‌కి వెళ్లాడు. మన భాషలో చెప్పాలంటే ఆన్‌సైట్. డబ్బు బానే ఉంది గానీ, కోచ్ నెరెయో రొక్కో క్రమశిక్షణ మనవాడికి అస్సలు పడలేదు. 12 లీగ్ మ్యాచుల్లో 9 గోల్స్ కొట్టి, ఏడాది తిరక్కుండానే వెనక్కొచ్చేశాడు. టోటెన్‌హామ్ మేనేజర్ బిల్ నికల్సన్ కొనుక్కున్న ధర 99,999 పౌండ్లు. లక్ష పౌండ్ల ఆటగాడు అనే బరువు కుర్రాడి నెత్తిన పడకూడదని ఒక్క పౌండు తగ్గించాడట. నాకు తెలిసినంతలో ఏ హెచ్ఆర్ కూడా ఇంత ప్రేమగా జీతం తగ్గించి ఉండడు :-)

ఇక అసలు విషయం, 1966. ప్రపంచ కప్ సొంత దేశంలో. టోర్నీకి కొద్ది రోజుల ముందే నార్వే మీద నాలుగు గోల్స్ కొట్టి ఉన్నాడు. గ్రూపులో మూడు మ్యాచులూ ఆడాడు, గోల్ మాత్రం పడలేదు. మూడోదాంట్లో ఫ్రాన్స్ ఆటగాడి బూటు తగిలి కాలు చీరుకుపోయింది. 14 కుట్లు. క్వార్టర్ ఫైనల్లో అతని స్థానంలోకి జెఫ్ హర్స్ట్ వచ్చి అర్జెంటీనా మీద ఏకైక గోల్ కొట్టాడు. ఫైనల్ నాటికి గ్రీవ్స్ కోలుకున్నాడు. కానీ మేనేజర్ ఆల్ఫ్ రామ్సే గెలుస్తున్న జట్టుని మార్చలేదు. సబ్‌స్టిట్యూట్లు ప్రపంచ కప్‌లోకి 1970లో గానీ రాలేదు, కాబట్టి పదకొండులో లేకపోతే లేనట్టే. హర్స్ట్ మూడు గోల్స్ కొట్టాడు, ఇంగ్లాండ్ 4-2తో పశ్చిమ జర్మనీని ఓడించింది.

ఆ ఆఖరి క్షణాల ఫోటో ఒకటుంది. బెంచీ దగ్గర అందరూ గాల్లోకి ఎగురుతుంటారు. సూటూ టైలో ఉన్న గ్రీవ్స్ ముఖంలో మాత్రం ఏమీ కనబడదు. మనలో బెంచి మీద కూర్చున్నవాళ్లు చాలామందే ఉంటారు. మనం రాసిన మాడ్యూలు లైవ్‌లోకి వెళ్లే రోజుకి టీములో మన పేరు ఉండకపోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ ముఖం గురించి నేను చెప్పక్కర్లేదు. అలాగని రామ్సేని తప్పుపట్టను. ఆయన కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి. నడుస్తున్న బిల్డుని ఎవరు ముట్టుకుంటారు? నిర్ణయం సరైనదే, అయినా ఒక మనిషికి అన్యాయం జరిగింది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చన్నది మనవాళ్లకి ఎందుకో మింగుడుపడదు.

ఆ తర్వాత ఇంగ్లాండ్‌కి ఆడింది మూడే మ్యాచులు. మొత్తం 57 మ్యాచుల్లో 44 గోల్స్ దగ్గర 1967లో ఆగిపోయింది. 1971లో, 31 ఏళ్లకి, ఆటే వదిలేశాడు. అక్కణ్ణుంచి తాగుడు. చిన్నాచితకా కాదు, మనిషే కుప్పకూలాడు. జనం దీన్ని 1966 ఫైనల్‌తో ముడిపెట్టి కథలల్లారు, ఆయన ఒప్పుకోలేదు. 1978 ఫిబ్రవరిలో మానేశాడు, మళ్లీ ముట్టుకోలేదు. తర్వాత ఇయాన్ సెయింట్ జాన్‌తో కలిసి టీవీలో నవ్విస్తూ కొత్త తరానికి పరిచయమయ్యాడు. వాళ్లలో చాలామందికి ఈయన గోల్స్ సంగతే తెలీదు. 357 గోల్స్ కన్నా ఆ మానేయడమే పెద్ద రికార్డని నా అభిప్రాయం.

1966లో పతకాలు ఫైనల్ ఆడిన పదకొండుగురికే ఇచ్చారు. మిగతావాళ్లకి 2009లో, అంటే 43 ఏళ్ల తర్వాత, లండన్‌లో ప్రధాని నివాసంలో అందాయి. గ్రీవ్స్ తీసుకున్నాడు. 2014లో వేలంలో అమ్మేశాడు, 44,000 పౌండ్లకి.

2015లో పక్షవాతం వచ్చింది. 2021 సెప్టెంబర్ 19న, 81 ఏళ్ల వయసులో పోయాడు. ఆ రోజు లండన్‌లో టోటెన్‌హామ్, చెల్సీల మధ్య మ్యాచ్ ఉంది. ఆట మొదలయ్యే ముందు రెండు జట్లూ నిలబడి చప్పట్లు కొట్టాయి.